పెరటి ప్రశ్నలు – జవాబులు: అగ్నిశిఖకు ఆరు నెలల నిద్ర

ఫిబ్రవరి సంచికలో అగ్నిశిఖ గురించి ఈ శీర్షికలో నాలుగు వాక్యాలు రాసినప్పటి నుంచి విశాఖ పాఠకుల ఉత్తరాలు ఆ ఒక్క మొక్క చుట్టూనే తిరుగుతున్నాయి. కొందరు దీనిని అడవినాభి అన్నారు, కొందరు పొత్తిదుంప అన్నారు. ఒక పెద్దాయన లాంగలి అనే సంస్కృత నామం రాసి, దుంప నాగలి ఆకారంలో ఉంటుంది కనుకనే ఆ పేరు వచ్చిందని గుర్తు చేశారు. శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకు జాతీయ పుష్పం. మనకు మాత్రం తొలకరి పడిన తరువాత కంచెల మీద, తుప్పల్లో, తూర్పు కనుమల వాలుల్లో తనంతట తాను పూసి, ఎవరికీ చెప్పకుండా మాయమయ్యే తీగ. రోహిణి కార్తె దగ్గర పడుతున్నది, ఆ వెనుకనే మృగశిరతో దుంపలు నాటే అదును వస్తుంది. అందుచేత ఈ నెల శీర్షికను మొత్తంగా దీనికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నిరుడు జూన్‌లో మా వదినగారు ఇచ్చిన దుంపను కుండీలో నాటాను. ఆగస్టులో పదిహేను పూలు పూసింది. దీపావళి దాటాక ఆకులు పసుపెక్కి, డిసెంబరు నాటికి తీగ మొత్తం ఎండిపోయింది. అప్పటి నుంచి రోజూ ఒక చెంబు నీళ్ళు పోస్తూనే ఉన్నాను. జనవరిలో ఒకసారి చెంచాడు యూరియా కూడా వేశాను. ఇప్పటికీ ఒక్క మొలక లేదు. మొక్క చచ్చిపోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: డిసెంబరులో అది చచ్చిపోలేదు. ఆ తరువాత మీరు పోసిన నీళ్ళ వల్ల ఏమైందో తవ్వి చూస్తే గానీ తెలియదు.

అగ్నిశిఖ బహువార్షికమే కాని, మందారం లాగా, మల్లె లాగా ఏడాది పొడుగునా పైకి కనిపించే బహువార్షికం కాదు. వానలతో పాటు లేచి, వానలతో పాటు వెళ్ళిపోతుంది. మిగతా ఆరు నెలలూ నేలలో దుంపగా నిద్రపోతుంది. ఈ మధ్యలో మట్టి కింద జరిగే సంగతి చాలామందికి తెలియదు. మీరు జూన్‌లో నాటిన దుంప తనలోని పిండినంతా మొలకకు, తీగకు ధారపోసి, చివరకు ఒట్టి తొక్కగా మిగులుతుంది. తీగ పచ్చగా ఉన్న ఆ నాలుగైదు నెలల్లో ఆకులు వండిన ఆహారమంతా కిందికి దిగి, పాతదాని పక్కనే కొత్త దుంప ఊరుతుంది. కనుక ఇప్పుడు మీ కుండీలో ఉన్నది మీ వదినగారు ఇచ్చిన దుంప కాదు, దాని సంతానం. ఆకులు పసుపెక్కినప్పుడు అయ్యో అని తీగ కోసేయకుండా దానంతట అది ఎండేదాకా ఉంచారు. ఆ పని తెలిసి చేసినా తెలియక చేసినా మంచిదే చేశారు.

నిద్రపోయే దుంపకు పీల్చే వేళ్ళు ఉండవు. తీగతో పాటే అవీ ఎండిపోతాయి. పోసిన నీటిని తాగే దిక్కు లేక మట్టి చెమ్మగానే ఉండిపోతుంది, ఆ చెమ్మలో బూజు పుట్టి దుంప కుళ్ళుతుంది. వేళ్ళు లేనప్పుడు వేసిన యూరియా మేలు చేయకపోగా తడితో కలిసి కీడే చేస్తుంది. ఈ మొక్కను పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది నీళ్ళు పోయక పోగొట్టుకున్నవారు కారు. ప్రేమతో పోసి పోగొట్టుకున్నవారే.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. నేల మీద పాత పత్రికలు పరచి, కుండీని నెమ్మదిగా బోర్లించి, మట్టిని వేళ్ళతోనే విడదీయండి. చేతికి గ్లవుజులు వేసుకోండి, తవ్వుకోల పెట్టకండి. రెండు కొమ్ములు కోణంగా కలిసిన గోధుమరంగు దుంప బయటపడుతుంది. నొక్కితే బంగాళాదుంపలా గట్టిగా ఉంటే బతికి ఉన్నట్టు; మెత్తబడి నీరు కారుతూ వాసన వేస్తే ఆశ వదులుకోవలసిందే. ఒక కొమ్ము కుళ్ళి రెండోది బాగుంటే, కుళ్ళిన మేర తెల్లటి కండ కనిపించేదాకా పదునైన కత్తితో కోసి, కోసిన చోట కట్టెల బూడిద అద్ది, రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. ఆ కత్తిని మళ్ళీ వంటింట్లోకి తీసుకుపోవద్దు.

దుంపను పట్టుకునే తీరు కూడా ఇక్కడే చెప్పాలి. బంగాళాదుంపకు ఒంటినిండా కళ్ళు ఉంటాయి కనుక ఒకటి పోయినా ఇంకొకటి మొలుస్తుంది. అగ్నిశిఖకు కొమ్ముకు ఒక్కటే కన్ను, అదీ కొమ్ము మొన మీద. ఆ మొన విరిగితే ఇక ఆ కొమ్ము మొలవదు. ఈ సంగతి పుస్తకంలో చదివి కూడా నేను మొదటి ఏడాదే పొరపాటు చేశాను. ఇంటికి వచ్చిన మిత్రుడికి చూపిద్దామని దుంపను చివర పట్టుకొని ఎత్తాను, పచ్చి చిక్కుడుకాయ తుంచినట్టు మొన టప్పున విరిగి చేతిలోకి వచ్చింది. విరిగిన దుంపను పారేయలేక నాటాను. సెప్టెంబరులో తవ్వి చూస్తే గట్టిగానే ఉంది, కాని మొలక జాడ లేదు. అప్పటి నుంచి దుంపను ఎప్పుడూ మధ్య కూడలిలోనే పట్టుకుంటున్నాను.

మీ దుంప బాగుంటే పొడి ఇసుక పోసిన చిన్న కుండీలో పూడ్చి, గాలి ఆడే నీడలో, వాన జల్లు తగలని చోట ఉంచండి. మే నెలాఖరుకు మొన మీద లేతరంగు మొగ్గ ఉబ్బి కనిపిస్తుంది. అది కనిపించిన వారంలోగా నాటేయాలి. వచ్చే ఏడాది నుంచి మార్గశిరం మొదలు వైశాఖం దాకా ఆ కుండీకి చుక్క నీరు పోయకండి. మన తీరంలో నవంబరు, డిసెంబరుల్లోనూ వాయుగుండాలు వస్తుంటాయి కనుక తీగ ఎండగానే కుండీని మెట్ల కిందికో, సన్‌షేడ్ కిందికో జరపండి.

ప్రశ్న: మాది నాలుగో అంతస్తు ఫ్లాటు. బాల్కనీ తూర్పు ముఖం, సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. అక్కడ అగ్నిశిఖ పెరుగుతుందా? కుండీ, మట్టి, ఊతం ఎలా ఉండాలి?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: పెరుగుతుంది. తూర్పు ఎండ దీనికి బాగా సరిపోతుంది. రోజుకు అయిదారు గంటల వెలుతురు కావాలి, కాని దుంప ఉన్న మట్టి కాగకూడదు. అందుకని కుండీ ముందు వరుసలో పొట్టి మొక్కలు ఏవైనా పెట్టి, ఎండ తీగ మీద పడేలా, కుండీ గోడ మీద పడకుండా చూసుకోండి. నల్ల ప్లాస్టిక్ కుండీ కంటే మట్టి కుండీ మేలు. వెడల్పు, లోతు రెండూ అడుగుకు తగ్గకూడదు.

మట్టి మిశ్రమానికి ఎర్రమట్టి రెండు పాళ్ళు, నది ఇసుక ఒక పాలు, బాగా మాగిన గత్తం ఒక పాలు చాలు. కోకోపిట్ ఎక్కువ కలపవద్దు, అది తడిని పట్టి ఉంచుతుంది. బీచ్ దగ్గర కాపురం ఉన్నవారికి ఇంకొక మాట చెప్పాలి. చేతికి అందుబాటులో ఉంది కదా అని సముద్రపు ఇసుకను సంచిలో తెచ్చి కుండీల్లో కలిపేవారిని మన ఊళ్ళో చాలామందిని చూశాను. ఆ ఉప్పు ఏ మొక్కకూ పడదు, దుంప మొక్కలకు అసలే పడదు.

దుంపను నిలువుగా పాతకుండా పడుకోబెట్టి, పైన రెండు అంగుళాల మట్టి కప్పండి. మొలక కుండీ అంచుకు తగలకుండా, మొనలు మధ్య వైపు తిరిగి ఉండాలి. నాటిన రోజు ఒకసారి తడిపి, మొలక కనిపించేదాకా మట్టి పొడిబారకుండా చూస్తే చాలు. రెండు మూడు వారాల్లో పెన్సిలంత లావు మొలక సూటిగా లేస్తుంది. ఆ లేత కొనను ఎవరూ తుంచకూడదు. దొండ, చిక్కుడు లాగా కొన తుంచితే పక్క కొమ్మలు వేస్తుందనుకుంటే పొరపాటు. పూలన్నీ పైభాగంలోనే వస్తాయి కనుక కొన పోతే ఆ ఏడాది పూత దాదాపు పోయినట్టే.

ఊతం గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే ఈ తీగ అందమంతా అందులోనే ఉంది. దీనికి కాకర, దోస తీగలకు ఉన్నట్టు విడిగా నులితీగలు ఉండవు. ఆకు కొసే సాగి సన్నని పురి అవుతుంది. ఒక సాయంత్రం లేత ఆకు కొస దగ్గర ఒక దారం ముక్క వేలాడదీసి, మర్నాడు ఉదయం చూడండి: ఆకు మామూలుగానే ఉంటుంది, దాని చివరి అంగుళం మాత్రం దారాన్ని ఒకటిన్నర చుట్టు చుట్టి బిగించి ఉంటుంది. అంత సన్నని చేతికి లావాటి వెదురు కర్ర అందదు. అందువల్ల రెండు కర్రలు పాతి, వాటి మధ్య నైలాన్ దారాన్ని జానెడు ఎడంతో అడ్డంగా కట్టండి; లేదా ఎండిన గోరింట రెమ్మలను కుండీలో గుచ్చండి. కుండీలో తీగ అయిదారు అడుగులు పోతుంది. మొదలు పెళుసుగా ఉంటుంది కనుక, గాలి ఎక్కువగా ఉండే మీ అంతస్తులో మట్టికి జానెడు ఎత్తున మెత్తటి గుడ్డ పేలికతో వదులుగా ఒక కట్టు వేయాలి. గాలి జోరుగా వీచిన మర్నాడు ఉదయం ఆకుల మీద మంచినీళ్ళు చిలకరిస్తే పేరుకున్న ఉప్పు కడిగిపోతుంది.

నీరు పైమట్టి అంగుళం మేర ఆరినప్పుడే పోయాలి. మూడు వారాలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు, అదీ పూత ముగిసేదాకానే.

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ళ మనవరాలు, ఆరేళ్ళ మనవడు ఉన్నారు. పెరట్లో అగ్నిశిఖ వేస్తానంటే పక్కింటివారు అది ప్రాణాంతకమని, పీకి పారేయమని అంటున్నారు. గన్నేరు కూడా విషమే కదా, అది అందరి ఇళ్ళలోనూ లేదా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పక్కింటివారు భయపెట్టడానికి చెప్పిన మాట కాదది. అగ్నిశిఖలో కాల్చిసిన్ అనే విషం మొక్క అంతటా ఉంటుంది, దుంపలోనూ గింజల్లోనూ ఎక్కువగా ఉంటుంది. మన వైద్య గ్రంథాలు లాంగలిని జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త, గురివిందల సరసన ఉపవిషాల్లో చేర్చాయి.

అయినా గన్నేరుకూ దీనికీ పెద్ద తేడా ఉంది. గన్నేరు ఆకును చూసి తినాలని ఎవరికీ అనిపించదు, నమిలినా చేదుకు ఉమ్మేస్తారు. అగ్నిశిఖ దుంప మాత్రం అచ్చం తిండి వస్తువులా కనబడుతుంది. సన్నటి పెండలమో, చిలగడదుంపో అనుకొని వండుకొని తిని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు మన దేశంలోనూ శ్రీలంకలోనూ వైద్య పత్రికలకు ఎక్కాయి. ఉడికిస్తే విషం పోతుందనుకోవడం తప్పు, ఈ విషం వేడికి విరగదు. ఇక కాయ పండి మూడు పాయలుగా విచ్చుకున్నప్పుడు లోపల వరుసగా కనిపించే ఎర్రటి గింజలు పిల్లల కళ్ళకు పూసల్లా ఉంటాయి.

తిన్న కొన్ని గంటలకు నోరు, గొంతు మండడం, వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. ఒక్కొక్కరికి అవి తగ్గి తేరుకున్నట్టు అనిపించి, ఆ తరువాత మూత్రపిండాలు, ఎముకల మూలుగ దెబ్బతింటాయి. బతికి బయటపడినవారికి రెండో వారంలో జుట్టు ఊడుతుంది. అందువల్ల పిల్లవాడు నోట్లో పెట్టుకున్నాడన్న అనుమానం వస్తే చాలు, హుషారుగానే ఉన్నాడు కదా అని ఆగకూడదు, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, తిన్న మొక్క ముక్కను ఒక సంచిలో వేసుకొని ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ ముక్క చూపిస్తే వైద్యుల పని సగం తేలికవుతుంది.

మీ ఇంటి సంగతి అడిగారు కనుక నా అభిప్రాయం దాచను. మూడేళ్ళ పాప రోజూ తిరిగే పెరట్లో ఇప్పుడే వేయవద్దు. రెండు మూడేళ్ళు ఆగండి. పిల్లలు ఎదిగి, చెబితే వినే వయసు వచ్చాక వేసుకోవచ్చు. వేసినప్పుడు కూడా పూలు వాడగానే కాయలు నిలవకుండా తుంచేయాలి, దుంపలను ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఉండే గదిలో ఎన్నడూ పెట్టకూడదు, దాచిన కుండీ మీద "విషం" అని పెద్ద అక్షరాలతో రాయాలి. ఇంట్లో కుక్క గాని, పిల్లి గాని ఉన్నా ఇవే జాగ్రత్తలు.

ప్రశ్న: నిరుడు శ్రావణమాసంలో భీమిలి రోడ్డు పక్కన తుప్పల్లో అగ్నిశిఖ విరగబూసి కనిపించింది. మొదలు గుర్తుపెట్టుకొని వచ్చాను. ఈసారి పూసినప్పుడు తవ్వి తెచ్చుకుంటే బతుకుతుందా?
— ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: బతకదు. పూత సమయంలో పాత దుంపలోని పిండి ఖర్చయిపోయి ఉంటుంది, కొత్త దుంప ఇంకా ఊరి ఉండదు. రెండింటి మధ్య ఉన్న మొక్కను పెకలిస్తే చేతికి వచ్చేది వాడిపోయే తీగ ఒక్కటే. పైగా అడవి మొక్క దుంప తుప్పల వేళ్ళ మధ్య, రాళ్ళ సందుల్లో లోతుగా ఇరుక్కుని ఉంటుంది, గునపం పడితే మొన విరగకుండా రాదు. మీరు చెప్పిన చోటు కంబాలకొండ అభయారణ్యం హద్దులోకి వస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మొక్కను పెకలించడం నేరం కూడా. ఎర్రమట్టి దిబ్బల వైపు కూడా తవ్వుకోల పట్టుకుని వెళ్ళవద్దు. ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, వాటిని ఇప్పటికే తవ్వినవారు చాలు.

దుంపను నర్సరీలోనే కొనండి. కడియం నర్సరీల నుంచి మన ఊరికి సరుకు వస్తూనే ఉంటుంది, గ్లోరీ లిల్లీ అని అడిగితే తెలుస్తుంది. కొనేటప్పుడు మొన చెక్కు చెదరకుండా ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. 50 గ్రాములకు తగ్గని దుంప అయితే మొదటి ఏడాదే పూస్తుంది. చిన్నవి చవకగా వస్తాయి కాని, ఒక ఏడాది ఆకులతోనే సరిపెడతాయి.

గింజల నుంచి పెంచాలన్న ఓపిక ఉంటే అదీ మంచి దారే. తెలిసినవారి కంచె మీద పండిన కాయ ఒకటి అడిగి తెచ్చుకొని, గింజలను ఒక రాత్రి నానబెట్టి, జూన్‌లో అర అంగుళం లోతున వేయండి. కొన్ని నెల దాటాక మొలుస్తాయి, కొన్ని మరుసటి ఏడాది వానలకు గానీ కళ్ళు తెరవవు. మొదటి ఏడాది గడ్డిపోచల్లాంటి నాలుగు ఆకులు, కింద చిక్కుడు గింజంత దుంప, అంతే. మూడో ఏటో నాలుగో ఏటో పూస్తుంది.

ప్రశ్న: తీగ నిండా నల్లటి గొంగళిపురుగులు. ఒంటి మీద తెల్లటి, ఎర్రటి చుక్కలున్నాయి. రెండు రాత్రుల్లో ఆకులన్నీ పోయాయి. ఇంత విషపు మొక్కను పురుగు ఎలా తింటున్నది?
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: మనకు విషమైనది దానికి నిత్యాన్నం. ఆ గొంగళిపురుగు ఎదిగి రెక్కలపురుగు అవుతుంది, శాస్త్రజ్ఞులు దానికి పాలిటెలా గ్లోరియోసే అని ఈ మొక్క పేరే పెట్టారు. లిల్లీ జాతులన్నీ దానికి ఇష్టమే. మీ తోటలో విషమూంగలి గాని, వాన లిల్లీలు గాని ఉంటే మొదట వాటి ఆకుల అడుగున చూడండి, అక్కడే స్థావరం ఉండవచ్చు. కుటుంబ తోటకు పురుగుమందు అవసరం లేదు. ఉదయాన్నే గ్లవుజులతో ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయండి. చిన్న పురుగులు గుంపుగా ఒకే ఆకు మీద ఉన్న దశలో ఆ ఆకు ఒక్కటి తుంచితే వంద పురుగులు పోయినట్టు. మిగిలినవాటి కోసం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట, వారానికొకసారి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఎదిగిన పురుగు మట్టిలోకి దిగి గూడు కడుతుంది కనుక పైపై మట్టిని వేళ్ళతో కదపాలి, దుంప దాకా పోకూడదు. ఆకులు పోయినా తీగను కోసేయకండి. ఆకుపచ్చని కాడ ఉన్నంతకాలం కింది దుంపకు ఎంతో కొంత అందుతూనే ఉంటుంది.

ప్రశ్న: పూలు బాగానే పూస్తున్నాయి కాని ఒక్క కాయా నిలవడం లేదు. లోపం ఎక్కడ?
— ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: లోపం కాదు, ఆ పువ్వు కట్టుబాటు అది. ఒక పువ్వును అయిదారు రోజులు వరుసగా గమనించండి. మొగ్గ తల వంచుకుని ఆకుపచ్చగా ఉంటుంది. విచ్చుకున్న రోజు ఆరు రేకులూ వెనక్కి మడిచి పైకి లేస్తాయి, మొదలు పసుపు, అంచులు అలలు అలలు. రోజులు గడిచేకొద్దీ ఎరుపు కొసల నుంచి కిందికి దిగి, చివరకు పువ్వు మొత్తం నిప్పుకణికలా మారుతుంది. అగ్నిశిఖ అన్న పేరు ఊరికే రాలేదు. రేకులు పైకి లేస్తే, ఆరు కేసరాలు కింద గొడుగు పుల్లల్లా చుట్టూ పరచుకుంటాయి. ఇక అండాశయం నుంచి వచ్చే కీలం మాత్రం మొదట్లోనే అడ్డంగా వంగి, కేసరాలకు దూరంగా పక్కకు పోతుంది. తన పుప్పొడి తనకే తగలకుండా చేసుకున్న ఏర్పాటది. సీతాకోకచిలుకో, తేనెపిట్టో వచ్చి ఒక పువ్వు నుంచి ఇంకొక పువ్వుకు పుప్పొడి మోయాలి. ఒంటరి కుండీకి ఆ చుట్టాలు రావడం అరుదు. తమిళనాడులో దీనిని గింజల కోసం పొలాల్లో సాగు చేసే రైతులు సైతం ఉదయం పూట కూలీలను పెట్టి, చేతితోనే పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దిస్తారు.

మీరూ చిన్న కుంచెతో అద్దవచ్చు, వేరే మొక్క పుప్పొడి అయితే కాయ బాగా నిలుస్తుంది. అయితే గింజలతో మీకు పని లేకపోతే ఆ ప్రయాస ఎందుకు? కాయకు పోయే బలం దుంపకు పోతే వచ్చే ఏడాది పూలు పెరుగుతాయి, ఇంట్లో విషపు గింజల బెడద కూడా ఉండదు.

ప్రశ్న: కీళ్ళవాతానికి ఈ దుంప గంధం తీసి రాస్తే మంచిదని, పూర్వం కాన్పులకు కూడా వాడేవారని మా అత్తగారు అంటున్నారు. వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: వాడకూడదు. మీ అత్తగారు విన్నది అబద్ధం కాదు. సంస్కృతంలో దీనికి గర్భపాతిని అన్న పేరు కూడా ఉంది, గర్భిణులు దీని దరిదాపులకు ఎందుకు పోకూడదో ఆ పేరే చెబుతుంది. గౌట్ అనే కీళ్ళ జబ్బుకు డాక్టర్లు రాసే కాల్చిసిన్ మాత్ర కూడా ఈ విషమే. అయితే ఆ మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము. ఇంట్లో అరగదీసిన దుంపలో ఎంత ఉందో కొలిచే సాధనం సానరాయికి లేదు. ఆయుర్వేదంలోనూ శుద్ధి చేయనిదే లాంగలిని వాడరు, ఆ శుద్ధి వంటింట్లో అయ్యే పని కాదు. ఈ మొక్కను కళ్ళతో చూసి ఆనందించండి, నొప్పులకు వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

ప్రశ్న: పూలను కోసి పూజకు, ఫ్లవర్ వాజుకు వాడుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: వాజులో వారం దాకా నిలుస్తాయి. జపాన్, నెదర్లాండ్స్ దేశాల్లో దీనిని ప్రత్యేకంగా కోతపూల కోసమే పెంచుతారు. పుప్పొడి బట్టలకు అంటితే మరక పడుతుంది కనుక కేసరాల కొసలు తుంచి పెట్టుకోండి. దేవుడికి పెట్టడం మీ ఇష్టం, ప్రసాదం పళ్ళెంలోనూ తీర్థం దగ్గరా మాత్రం పెట్టకండి. పువ్వుతో పాటు పొడుగాటి కాడ, ఆకులు కోస్తే దుంపకు తిండి తగ్గిపోతుంది. బెత్తెడు కాడ చాలు.

ప్రశ్న: మాకు నేల ఉంది. నేలలోనే నాటితే ఏటా తవ్వి తీయాలా, వదిలేయవచ్చా?
— ఒక పాఠకుడు, ఆనందపురం

జవాబు: నీరు నిలవని నేల అయితే వదిలేయవచ్చు. మన ప్రాంతంలో అసలు గండం ఆశ్వయుజ, కార్తీక మాసాలది. అప్పుడే కొత్త దుంప ఊరుతూ ఉంటుంది, అప్పుడే వాయుగుండాలు వచ్చి మడి మడుగవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో ఊతాలు, పందిళ్ళు అన్నీ ఎగిరిపోయాయి, తీగలు నేలకూలాయి. మరుసటి జూన్‌లో జానెడు ఎత్తు గట్టు మీద నాటిన దుంపలు మొలిచాయి, పల్లంలో నాటినవి మొలవలేదు. కాబట్టి చుట్టూ రాళ్ళు పేర్చి ఎత్తు చేసిన పాదులోనే, గోడకు కాస్త ఎడంగా నాటండి. మూడేళ్ళకొకసారి మాత్రం డిసెంబరు, జనవరుల్లో తవ్వి, గుంపు కట్టిన దుంపలను విడదీయాలి. కొమ్ములు రెండూ కలిసే చోట విడదీస్తే మొన ఉన్న ప్రతి కొమ్మూ ఒక మొక్క అవుతుంది.

తీగ ఎండి రాలిపోయాక ఆ చోటు ఖాళీ నేలలా కనిపిస్తుంది. తీగ పచ్చగా ఉండగానే మొదలు పక్కన ఒక పెంకు ముక్క మీద పేరు రాసి గుచ్చి ఉంచండి. సంక్రాంతికి బంతి నారు పెడదామని అక్కడే గునపం వేసేది తోటమాలి కానక్కరలేదు, మర్చిపోయిన మీరే కావచ్చు.